చలికాలమైతే సైకిల్‌కి సెలవేనా?

తెల్లవారుజామున అయిదున్నర. అలారం మోగింది. రగ్గులోంచి ఓ చెయ్యి బయటికొచ్చి, తడుముకుని, దాని నోరు మూయించి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

'ఏవండీ, ఇవాళ కూడా వెళ్లరా?' వంటింట్లోంచి ప్రశ్న.

'చలి చంపేస్తోందే... రేపట్నుంచి చూద్దాంలే.'

ఆ రేపు ఎప్పటికీ రాదు. ధనుర్మాసం వెళ్తుంది. సంక్రాంతి వెళ్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక, ఓ ఆదివారం పొద్దున మెట్ల కింద ఉన్న సైకిల్ గుర్తొస్తుంది. బయటికి లాగితే రెండు చక్రాల్లోనూ గాలుండదు. చైను తుప్పుపట్టి ఎర్రగా ఉంటుంది. సీటు మీద దుమ్ములో వేలితో పేరు రాయొచ్చు. సరిగ్గా అదే వారం రక్తపరీక్ష కాగితం చూస్తూ డాక్టరుగారు అడుగుతారు, 'సైకిల్ తొక్కుతున్నారా, మానేశారా?' అని.

ఈ పెద్దమనిషి ఫలానా ఆయన అని కాదు. ఏ కాలనీలో వెతికినా వీధికొకరు దొరుకుతారు. యాభైకి అటో ఇటో వయసు. కొందరు డాక్టరు చెప్పారని కొన్నారు. కొందరు 2020 లాక్‌డౌన్ రోజుల్లో జిమ్ములకు తాళాలు పడ్డప్పుడు కొన్నారు. ఎండాకాలంలో చెమటలు కక్కుకుంటూ తొక్కారు, వానల్లో బురద కడుక్కుంటూ తొక్కారు. కార్తీకమాసం దాటి చలి ముదిరేసరికి మాత్రం చేతులెత్తేశారు. చిత్రమేమిటంటే, సైకిల్ తొక్కడానికి మన వాతావరణంలో అన్నిటికంటే అనువైన నెలలు అవే!

మూడు నెలలేగా, పోతే ఏం పోయింది అనిపిస్తుంది. పోయేది చాలానే ఉంది. వ్యాయామం ఆపిన రెండు మూడు వారాలకే గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గడం మొదలవుతుంది. కండరాలు రక్తంలోని చక్కెరను చురుగ్గా లాక్కునే గుణమైతే అంతకంటే ముందే, కొద్ది రోజుల్లోనే మందగిస్తుంది. అరిసెలు, సకినాలు, బొబ్బట్లు, పూతరేకులు డబ్బాల్లో దిగేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష చూపించేది సుమారు మూడు నెలల సగటు చక్కెరని. అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రగ్గు కింద జరిగిందంతా మార్చి మొదట్లో కాగితం మీదికి వచ్చేస్తుందన్నమాట. అక్కడ 'రేపట్నుంచి' అనే మాట చెల్లదు.

చలి కాదు, చీకటి!

నిజానికి మన ఊళ్లలో సైకిల్‌ని ఆపుతున్నది చలేనా? లంబసింగి, చింతపల్లి, ఆదిలాబాద్ ఏజెన్సీ ఊళ్ల సంగతి వేరు. అక్కడ పళ్లు టకటకలాడతాయి. హైదరాబాద్, విజయవాడ, రాజమండ్రి లాంటి చోట్ల మాత్రం అసలు చిక్కు చీకటితో వస్తోంది. జూన్ మొదట్లో హైదరాబాద్‌లో సూర్యుడు 5.40కే వచ్చేస్తాడు. జనవరి మధ్యకొచ్చేసరికి 6.50 దాకా జాడ ఉండదు. గంటకు పైగా తేడా! విశాఖలో ఈ రెండూ ఇంకో ఇరవై నిమిషాలు ముందుంటాయి కానీ, తేడా మాత్రం అంతే. వేసవిలో అయిదున్నరకు పెట్టిన అలారాన్నే జనవరిలోనూ మోగిస్తే లేచేది నడిరేయిలాంటి చీకట్లోకి. ఒళ్లు మొరాయించడంలో దాని తప్పేం లేదు.

కాబట్టి మొదట మార్చాల్సింది అలారం. ఉద్యోగాలకు పరుగులు లేనివాళ్లు ఏడు తర్వాత బయల్దేరితే సగం సమస్య తీరిపోతుంది. తప్పనిసరిగా చీకట్లోనే వెళ్లాల్సినవాళ్లకు దీపాలు కావాలి. ముందు తెల్లది, వెనక ఎర్రది. ఒకప్పుడు డైనమో లైటు లేకుండా రాత్రిపూట సైకిల్ మీద కనిపిస్తే పోలీసులు ఆపి, చక్రాల్లో గాలి తీసేసేవారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. వేల రూపాయల గేరు సైకిళ్లు వచ్చాక ఆ దీపమే లేకుండా పోయింది! వెనక లైటు ఒక్కటే చాలదు. పెడల్స్‌కి ఉండే చిన్న పసుపు రిఫ్లెక్టర్లని ఊడిపోయినా పట్టించుకోరు కానీ, చీకట్లో లారీ డ్రైవరుకి అవే బాగా కనిపిస్తాయి. పైకీ కిందికీ కదులుతుంటాయి కాబట్టి అక్కడున్నది సైకిలని ఇట్టే తెలిసిపోతుంది.

పిల్లల విషయంలో ఈ జాగ్రత్త సాయంత్రాలకూ వర్తిస్తుంది. నవంబరు చివర్లో హైదరాబాద్‌లో 5.40కే పొద్దు గూట్లో పడిపోతుంది. స్కూలు నుంచి వచ్చి, పాలు తాగి, సైకిల్ తీసేసరికి చీకటే.

ఇక పొగమంచు. ఇది వేరే లెక్క. ముందు వాహనం కనిపించనంత మంచు కమ్మిన రోజున వెనకొచ్చేవాడికి సైకిల్ కూడా కనిపించదు. ఎంత మంచి లైటున్నా సరే, ఆ పూట హైవే మీదికి వెళ్లకపోవడమే తెలివి.

దానికి తోడు గాలి సంగతొకటి ఉంది. తెల్లవారుజామున గాలి స్వచ్ఛంగా ఉంటుందని అందరూ అనుకుంటారు. చలికాలం నగరాల్లో ఇది చాలాసార్లు నిజం కాదు. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. పైన వెచ్చటి గాలి గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, చలిమంటల పొగ అన్నీ ఆ మూత కిందే చిక్కుకుపోతాయి. ఎండ కాస్త ఎక్కి నేల వేడెక్కాకే ఆ మూత లేస్తుంది. సైకిల్ తొక్కేవాళ్లు మామూలుగా కూర్చున్నవాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాలి పీల్చుకుంటారు. అలాంటప్పుడు ఆరు గంటలకు మెయిన్ రోడ్డు మీద కంటే ఏడున్నరకు లోపలి వీధుల్లోనో, చెరువుగట్టు మీదో తొక్కడం మేలు. ఢిల్లీ, నోయిడాల్లో ఉద్యోగాలు చేసే మనవాళ్లకైతే నవంబరు, డిసెంబరుల్లో కొన్ని రోజులు ఇంట్లోనే తొక్కుకోవడం తప్ప దారి లేదు. ఆ ముచ్చటకు తర్వాత వద్దాం.

దినపత్రిక చేసే సాయం

చలిలో సైకిల్ తొక్కేవాళ్లు ఎక్కువగా చేసే తప్పేమిటి? స్వెట్టరు వేసుకోకపోవడం కాదు, మరీ ఎక్కువ వేసుకోవడం! ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే వెచ్చగా ఉండాలని బనీను, చొక్కా, స్వెట్టరు, దానిమీద జాకెట్టు తొడిగేస్తారు. రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి లోపల చెమట వరదలవుతుంది. నూలు బనీను ఆ చెమటంతా పీల్చుకుని ఒంటికి అతుక్కుంటుంది. టీ బండి దగ్గర ఆగగానే గాలి తగిలి అదే బనీను ఐసుముక్కలా మారుతుంది. జలుబు చేసిందంటే సైకిల్‌ని తిట్టుకుంటారు.

గేటు దాటేటప్పుడు కొంచెం చలనిపించాలి. పది నిమిషాల్లో ఒళ్లు తనంతట తానే వేడెక్కుతుంది. లోపల చెమటను పట్టి ఉంచని పల్చటి ఆటల టీషర్టు, పైన గాలిని ఆపే పల్చటి జాకెట్టు... మన చలికి ఈ రెండూ సరిపోతాయి. జిప్పు ఉన్నదైతే వేడెక్కాక కిందికి లాక్కోవచ్చు. అసలు చలి తెలిసేది వేళ్లకీ, చెవులకీ. గ్లవ్స్ లేకుండా బ్రేకు పట్టుకుంటే వేళ్లు కొయ్యబారి, అవసరమైన క్షణంలో వంగవు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలున్నప్పుడు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, ఎదురుగాలి వల్ల ఒంటికి అది ఏడు డిగ్రీల చలిలా తగులుతుంది. సున్నా డిగ్రీలైతే మైనస్ అయిదులా ఉంటుంది. చెవులు మూసే టోపీ కావాలి కానీ వెనక హారన్ వినపడనంతగా కట్టేసుకోకూడదు.

జాకెట్టు కొనే స్తోమత లేదనుకునేవాళ్లకు ఓ పాత చిట్కా. దీన్ని కనిపెట్టింది పేదలేమీ కాదు. టూర్ డి ఫ్రాన్స్ వీరులు ఆల్ప్స్ పర్వతాల శిఖరానికి చెమటలు కారుతూ చేరుకున్నాక, అవతలి వైపు డెబ్భై ఎనభై కిలోమీటర్ల వేగంతో దిగాలి. తడి చొక్కాతో దిగితే గుండెల్లోకి చలి దిగిపోతుంది. అందుకని శిఖరం మీద నిలబడ్డ అభిమానుల చేతుల్లోంచి దినపత్రిక అందుకుని, మడిచి, చొక్కా లోపల ఛాతీ మీద దోపుకునేవాళ్లు. కాగితం గాలిని ఆపుతుంది, చెమటనూ పీలుస్తుంది. దశాబ్దాల పాటు సాగిన అలవాటిది. ఆదివారం అనుబంధం చదవడం పూర్తయ్యాక ఏం చెయ్యాలో తెలిసిందిగా!

ఆ పత్రికను ఇంటింటికీ వేసే కుర్రాళ్ల దగ్గర ఈ విద్యలు నేర్చుకోవాల్సినవాళ్లు చాలామంది. నాలుగున్నరకే పంపిణీ జరిగే చోటుకి చేరుకుని, అనుబంధాలు మడిచి లోపల పెట్టుకుని, సంచి హ్యాండిల్‌కి తగిలించుకుని బయల్దేరతారు. కొందరు మోపెడ్లకు మారినా, ఇరుకు వీధుల్లో ఇప్పటికీ సైకిలే. పాలవాళ్లూ అంతే. చలికాలం తొక్కాలా వద్దా అనే చర్చ వాళ్లిళ్లలో జరగదు. మఫ్లరు రెండు కొసలూ చొక్కా లోపలికి దోపేసుకుంటారు చూడండి, అది కచ్చితంగా అనుసరించాల్సిన పద్ధతి. వేలాడే కొసలు చక్రంలో చిక్కుకుంటే ఏమవుతుందో చెప్పడానికి చరిత్రలో ఓ విషాదం ఉంది. ప్రఖ్యాత నర్తకి ఇసడోరా డంకన్ 1927లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో, మెడకు చుట్టుకున్న పొడవాటి స్కార్ఫు తను కూర్చున్న కారు చక్రంలో చిక్కుకుని చనిపోయింది. చున్నీలతో, చీరకొంగులతో సైకిలెక్కే ఆడపిల్లలకూ ఈ మాట గుర్తుండాలి.

సైకిల్ బాగోగులకు వస్తే, చలికి టైర్లలో గాలి కూడా ముడుచుకుంటుంది. ముప్ఫై డిగ్రీల మధ్యాహ్నం 60 పాయింట్లు కొట్టించిన టైరు, పది డిగ్రీల తెల్లవారుజామున దాదాపు అయిదు పాయింట్లు తగ్గి ఉంటుంది. పంక్చరేమోనని కంగారుపడనక్కర్లేదు, రెండు మూడు రోజులకోసారి పంపు చేత్తో పట్టుకుంటే చాలు. మంచుకి తడిసిన చైనుని పొడిగుడ్డతో తుడిచి రెండు చుక్కల నూనె వెయ్యాలి. అంతకుమించి రాకెట్ శాస్త్రమేమీ లేదు.

పండగ రోజుల్లో మాత్రం కాస్త ప్రత్యేకమైన జాగ్రత్తలున్నాయి. ధనుర్మాసంలో వీధి వీధంతా ముగ్గే. మధ్యలో గొబ్బెమ్మలు. గంటసేపు నడుం వంచి వేసిన చుక్కల ముగ్గు మీదుగా సైకిల్ పోనిస్తే ఊరుకుంటారా? తప్పుకోబోయి పక్కనున్న కాలవలో పడ్డవాళ్లూ ఉంటారు. ముగ్గుపిండి మీద, తడి పేడనీళ్ల మీద సడెన్‌గా బ్రేకు వేస్తే చక్రం జారుతుంది కూడా. ఇది సరదా సంగతి. సరదా కానిది పతంగుల మాంజా. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా సంక్రాంతికి అది చాటుమాటుగా అమ్ముడవుతూనే ఉంది. రోడ్డుకి అడ్డంగా మెడ ఎత్తులో వేలాడే ఆ దారం కంటికి కనిపించదు. ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్ల గొంతులు తెగిన సంఘటనలు ఏటా వార్తల్లో చూస్తూనే ఉన్నాం. పండగ మూడు రోజులూ, మరీ ముఖ్యంగా సాయంత్రాలు, హైదరాబాద్ వీధుల్లో పిల్లల్ని సైకిల్ మీద పంపకపోవడమే మంచిది. పెద్దవాళ్లు వెళ్లినా మెడకు మందపాటి గుడ్డ చుట్టుకుని, నెమ్మదిగా వెళ్లాలి.

మంచులో బడికెళ్లే పిల్లలు

చలి గురించి మాట్లాడుకునేటప్పుడు ఫిన్లాండ్‌లోని ఊలు నగరం గురించి చెప్పకపోతే అన్యాయం. ఆర్కిటిక్ వలయానికి దాదాపు 170 కిలోమీటర్ల దిగువన ఉంటుందది. డిసెంబరులో పగలు మూడున్నర గంటలే. నెలల తరబడి నేల కనిపించదు, మంచే. అలాంటిచోట పిల్లలు సైకిళ్ల మీద బడికెళ్తారు! మైనస్ పదిహేడు డిగ్రీల రోజున బడి ముందు మంచులో బారులు తీరిన వందల సైకిళ్ల ఫొటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. వాళ్లేమీ ఉక్కుతో చేసిన పిల్లలు కాదు. ఊరు చేసిన ఏర్పాటు అలాంటిది. సైకిళ్లకు వేరే దారులుంటాయి. తెల్లారి జనం బయటికి రాకముందే ప్రధాన సైకిల్ దారుల మీద మంచును యంత్రాలు తోసేసి, మిగిలిన పొరను గట్టిగా అదిమేస్తాయి. కార్ల రోడ్లు దాటడానికి సొరంగ మార్గాలుంటాయి. శీతాకాలపు సైక్లింగ్ మీద మొదటి అంతర్జాతీయ సదస్సు 2013లో జరిగింది ఆ ఊళ్లోనే.

2016లో అదే సదస్సు అమెరికాలోని మినియాపొలిస్‌లో జరిగింది. ఆ నగరంలో, చుట్టుపక్కల మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. పాత రైలుదారిని మార్చి కట్టిన మిడ్‌టౌన్ గ్రీన్‌వే అనే సైకిల్ బాటలో చలికాలమంతా మంచు ఎత్తిపోస్తూనే ఉంటారు. ఖమ్మం నుంచో కాకినాడ నుంచో వెళ్లిన కుర్రాడు మొదటి జనవరిలో ఆ బాట మీద తొక్కుతున్నవాళ్లని కిటికీలోంచి చూసి వీళ్లకు పిచ్చనుకుంటాడు. అక్కడ పాటించే సూత్రాలు వేరు. మంచుగడ్డ మీద పట్టు దొరకడానికి సన్నటి లోహపు మేకులు బిగించిన టైర్లుంటాయి. రోడ్ల మీద చల్లే ఉప్పుకి చైను, బోల్టులు తినేసినట్టవుతాయి కాబట్టి ఇంటికొచ్చాక కడిగి తుడవాల్సిందే. కాలివేళ్లు, చేతివేళ్లు తెల్లబడి స్పర్శ తెలియకపోతే ఇంకో మైలు వెళ్దామనుకోకుండా వెంటనే లోపలికి వెళ్లిపోవాలి. ఫోన్లో అమ్మతో 'ఇక్కడంతా బానే ఉందమ్మా' అని చెప్పే పిల్లలు ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు.

వీళ్లందరికీ తాతలు 1900లోనే ఉన్నారు. అలాస్కాలోని నోమ్ తీరంలో బంగారం దొరికిందన్న వార్త కెనడాలోని డాసన్‌కి చేరగానే జనం కుక్కబండ్లు కట్టుకుని పరుగులు తీశారు. కుక్కలకు తిండి పెట్టాలి, వాటి ధర కూడా ఎక్కువ. ఎడ్ జెసన్ అనే ఆయన సైకిల్ కొనుక్కుని, గడ్డకట్టిన యూకాన్ నది మీదుగా బయల్దేరాడు. దాదాపు 1600 కిలోమీటర్లు. బేరింగుల్లో నూనె గడ్డకట్టింది, రబ్బరు టైర్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. అయినా అయిదు వారాల్లో చేరాడు. అదే ఏడాది మాక్స్ హిర్ష్‌బర్గ్ అనే మరో యువకుడికి దారి చివర్లో చైను తెగిపోయింది. ఆయనేం చేశాడు? ఒంటిమీది కోటు విప్పి, తెరచాపలా కట్టి, వెనక నుంచి వీచే గాలితో సైకిల్‌ని నోమ్‌లోకి నడిపించుకుపోయాడు!

ఇంట్లోనే అయితే...

అంత సాహసం అక్కర్లేదనుకునేవాళ్లకు ఇంట్లో తొక్కే సదుపాయం ఎప్పట్నుంచో ఉంది. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడలోని వ్యాయామశాలలో కూడా కదలని సైకిళ్లు ఉండేవి, ఎంత దూరం తొక్కారో చూపించే ముల్లుతో సహా. పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఇంగ్లండు, అమెరికాల్లో పెద్ద హాళ్ల లోపల ఆరు రోజుల పందేలు పెట్టేవాళ్లు. ఒక్కరే రాత్రింబవళ్లు తొక్కి పిచ్చెక్కిపోతున్నారని న్యూయార్క్‌లో చట్టం తెచ్చి, ఒకరు పన్నెండు గంటలకు మించి తొక్కకూడదన్నారు. దాంతో నిర్వాహకులు 1899లో ఇద్దరేసి జట్లను దింపారు. ఒలింపిక్స్‌లో ఇప్పుడు చూసే 'మాడిసన్' పోటీకి ఆ పేరు వచ్చింది ఆనాటి మాడిసన్ స్క్వేర్ గార్డెన్ నుంచే.

మన ఇళ్లలో వ్యాయామ సైకిల్ చరిత్ర ఇంత ఘనంగా ఉండదు. మొదటివారం హాల్లో టీవీ ముందు. రెండో నెల బెడ్‌రూములో. మూడో నెలకి బాల్కనీలో... హ్యాండిల్ మీద తువ్వాళ్లు, సీటు మీద లుంగీ, పెడల్‌కి సాక్సులు. అంత మంచి దండెం మార్కెట్లో దొరకదు! కొనడానికి ముందే ఇది ఆలోచించుకోవడం మంచిది. వేలు పోసి కొత్తది కొనే బదులు, ఉన్న సైకిల్ వెనక చక్రాన్ని నేలకు తగలకుండా లేపి పట్టే స్టాండు తెచ్చుకుంటే ఖర్చు తక్కువ, చోటూ కలిసొస్తుంది. పెడల్ బిగుసుగా ఉండటానికి కొన్నిట్లో ఫ్యాను, కొన్నిట్లో అయస్కాంతం ఉంటాయి. ఫ్యాను రకం మోతకి కింది వాటావాళ్లు పైకొచ్చే ప్రమాదముంది. అయస్కాంతానిది తక్కువ చప్పుడు. స్టాండు మీద రాపిడికి వెనక టైరు త్వరగా అరిగిపోతుంది కాబట్టి పాతది వేసుకోవాలి.

ఇంట్లో తొక్కేటప్పుడు చాలామందికి తట్టనిది ఒకటుంది. బయట ఎదురుగాలి చెమటను ఆరబెడుతుంది. గదిలో ఆ గాలి ఉండదు. చలికాలమే కదా అని కిటికీలు మూసుకుని తొక్కితే పావుగంటకే ఒళ్లు ఆవిరిపొయ్యిలా మారుతుంది. ఎదురుగా టేబుల్ ఫ్యాను ఉండాల్సిందే. హ్యాండిల్ మీద ఓ తువ్వాలు పరచాలి. ఉప్పుచెమట కారి బోల్టులు తుప్పు పడతాయి. దాహం వెయ్యకపోయినా నీళ్లు తాగుతుండాలి. చలికాలంలో దాహం తెలీదు, ఒంట్లో నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి.

అసలు శత్రువు విసుగు. గోడని చూస్తూ అరగంట తొక్కడం ఎవరికైనా కష్టమే. ఈ విసుగుని వ్యాపారం చేసినవాళ్లున్నారు. దక్షిణాఫ్రికా నుంచి కాలిఫోర్నియా వెళ్లిన జానీ గోల్డ్‌బర్గ్ పాటలు పెట్టి గుంపుగా తొక్కించే 'స్పిన్నింగ్' మొదలుపెట్టాడు. ఇప్పుడది పెద్ద జిమ్ములన్నిటిలో ఉంది. 2014లో వచ్చిన జ్విఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలో, గదిలోని స్టాండు మీద తొక్కుతుంటే తెర మీద బొమ్మ కొండలెక్కుతుంది. పక్కన బ్రెజిల్ నుంచో, జపాన్ నుంచో ఇంకొకరు తొక్కుతుంటారు. నవ్వులాటలా మొదలైన ఇది 2020 డిసెంబరుకల్లా ప్రపంచ చాంపియన్‌షిప్ దాకా వెళ్లింది. ఎవరిళ్లలో వాళ్లు తొక్కిన ఆ మొదటి పోటీలో పురుషుల్లో గెలిచిన జేసన్ ఓస్బోర్న్ అసలు సైక్లిస్టే కాదు, జర్మనీకి చెందిన పడవ పోటీల ఆటగాడు! మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో రోయింగ్‌లో రజతం కూడా గెలిచాడు. మహిళల్లో దక్షిణాఫ్రికా సైక్లిస్టు ఆష్లీ మూల్‌మన్ పాసియో గెలిచింది.

అంత ఖర్చు లేకుండానూ విసుగు పోగొట్టుకోవచ్చు. ముప్ఫై నిమిషాలు చాలు. మొదటి అయిదు నిమిషాలు తేలిగ్గా. తర్వాత ఓ నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు నింపాదిగా... ఇలా ఏడుసార్లు. చివరి నాలుగు నిమిషాలు చల్లారడానికి. గడియారం చూడ్డం ఇష్టం లేనివాళ్లు పాటలు పెట్టుకుని పల్లవికి నెమ్మదిగా, చరణానికి జోరుగా తొక్కొచ్చు. గట్టిగా తొక్కేటప్పుడు మాట తడబడాలి, నింపాదిగా తొక్కేటప్పుడు మాట్లాడగలగాలి. లెక్క అంతే. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే వారానికి అయిదు అరగంటలు. మూడు ఇంట్లో, శనాదివారాలు బయట అనుకుంటే పట్టిక కుదిరినట్టే. హైదరాబాద్ పడమటి వైపు ఉండేవాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. పైన సౌర ఫలకాల కప్పు, రాత్రికి దీపాలు. మిగతా ఊళ్లవాళ్లకు ఇంకా ఆ భాగ్యం లేదు. ఏ కాలవగట్టో, యూనివర్సిటీ రోడ్డో వెతుక్కోవాలి.

కొందరికి మాత్రం డాక్టరు మాట తప్పనిసరి. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లు దుప్పట్లోంచి లేచి నేరుగా చలిలోకి వెళ్లి ఎత్తు ఎక్కకూడదు. ఇంట్లోనే అయిదు నిమిషాలు ఒళ్లు కదిలించి, ఎండ వచ్చాక వెళ్లాలి. ఛాతీ పట్టేసినట్టున్నా, ఎడమ చేయి, దవడ లాగుతున్నా ఇంటికెళ్లి చూద్దామనుకోకుండా అక్కడే ఆగి ఆస్పత్రికి వెళ్లాలి. చల్లటి పొడిగాలి ఆస్తమాను రేపుతుంది. ముక్కూనోరూ కప్పుతూ పల్చటి గుడ్డ కట్టుకుంటే లోపలికెళ్లే గాలి కాస్త వెచ్చబడుతుంది. ఇన్‌హేలరు జేబులో ఉండాలి. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు పరగడుపున బయల్దేరకూడదు. జేబులో గ్లూకోజో, చిన్న బెల్లంముక్కో ఉంచుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గిన మధుమేహులు ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోవాలి. ఈ పని భార్యో, పిల్లలో చేసిపెడితే ఇంకా మంచిది.

మళ్లీ మన పెద్దమనిషి దగ్గరికొద్దాం. కిందటి మార్చి కాగితం బీరువాలో ఉంది. ఈ డిసెంబరులో అలారం ఆరుం ముప్పావుకి జరిగింది. శనాదివారాలు బయట, మిగతా రోజులు సాయంత్రం బాల్కనీలో. మొన్న స్టాండు మీది సైకిలెక్కబోతే సీటు మీద యథాప్రకారం తువ్వాళ్లు. తీసి తాడు మీద వేశారు. తొక్కడం మొదలెట్టగానే హాల్లోంచి కేక.

'ఏవండీ, కాస్త మెల్లగా తొక్కండి. సీరియల్ వినపడి చావట్లేదు!'

ఆయన నెమ్మదించారు. పది నిమిషాలు అలాగే సాగింది. మళ్లీ కేక.

'యాడ్స్ వచ్చాయి... ఇప్పుడు తొక్కండి గట్టిగా!'